పంటు మీద రఫ్ కట్

దరఖాస్తులో తొమ్మిదో ప్రశ్న:
మీ కథానాయకుడికి ఏం కావాలి?
మూడు వందల మాటల్లో రాయండి.

సఖినేటిపల్లి రేవులో
డీజిల్ మరకల లుంగీ బిగించుకుంటున్న
సరంగు కొప్పాడి పోశయ్యనే అడిగాను.
"అవతలొడ్డు" అన్నాడు.
కాసేపాగి,
"అక్కడికెళ్ళాక ఇవతలొడ్డు" అన్నాడు.
మూడు మాటలు.
మిగిలిన రెండు వందల తొంభై ఏడూ
నేను కల్పించాలి.

నాలుగేళ్ళుగా తీస్తున్నాను ఈ పంటుని.
కెమెరా నాది కాదు,
భీమవరంలో పెళ్ళిళ్ళు తీసే సలీం బాషాది.
ముహూర్తాలు లేని నెలల్లో
అద్దె అడగడు, లెన్సు తుడిచి మరీ ఇస్తాడు.
అందుకే నా సినిమాలో ఎప్పుడూ ఆషాఢమే,
ఎప్పుడూ ఎర్రనీళ్ళే,
గొడుగుల కింద మోటారుసైకిళ్ళే.
ఢిల్లీ నుంచి ఒక సలహాదారు రాశాడు:
వాన మీ దృశ్యభాష. ఎంత సాహసమైన ఎంపిక!
ఆ ఉత్తరం సలీంకి చదివి వినిపిస్తే
టీ పొలమారింది.

బడ్జెట్ పట్టిక దగ్గర చెయ్యి ఆగిపోతుంది.
హార్డ్ డిస్కులు రెండు, పదమూడు వేలు.
శబ్దం సరిచేయించడానికి, ఇంకా తెలీదు.
లోవకుమారి తన ఎండుచేపల బుట్ట జరిపి
నాకిచ్చిన జానెడు చోటుకి
ఎంత వెయ్యాలి?
టిక్కెట్ల గదిలో నా బ్యాటరీకి ఛార్జింగు పెట్టి
తన ఫోను చచ్చిపోనిచ్చిన కుర్రాడికి?
ఇతర ఖర్చులు అని ఒక గడి ఉంది.
అందులో వాళ్ళు పట్టరు.

మాట్లాడమని ఏడు నిమిషాలిచ్చారు.
తెరమీద ఐదు ముఖాలు. మంచివాళ్ళే.
ఒకామె గొంతులో నిజంగానే తడి ఉంది.
వంతెన వస్తే ఇతను ఏమవుతాడు?
ఏడ్చిన దృశ్యం ఏదైనా ఉందా?
లేదండి అన్నాను.
ఉంటే బాగుండేదని వాళ్ళు అనలేదు,
నేననుకున్నాను.
అనుకున్నందుకు ఆ రాత్రంతా
దోమతెరలో కూర్చునే ఉన్నాను.

ఈసారికి వీలుపడలేదు అని ఉత్తరం.
మీ గొంతు మాకు విలువైనది అని కూడా.

ఆ నెల లోవకుమారి చీటీ పాడింది.
పడవ వలకని దాచిందేమో, అడగలేదు.
చేపల వాసనేసే నోట్లు నా సంచిలో కుక్కి
"మొదటాట మాకే ఎయ్యాలి" అంది.
సంతకం లేదు, ఆరునెలల నివేదిక లేదు.
ఇంత కఠినమైన షరతు
ఏ నిధీ నాకు పెట్టలేదు.

ఆఖరి ట్రిప్పయ్యాక
పంటు మీదే లారీ టార్పాలిన్ కట్టాం.
ప్రొజెక్టరు చర్చి వాళ్ళది.
వశిష్ఠ కింద కదులుతుంటే
తెర మీది వశిష్ఠా కదిలింది,
ఇంకో వైపుకి.

పోశయ్య బీడీ ఆర్పి అన్నాడు:
"ఆ వంపు దగ్గర ఇంజిను మోత ఎట్టావేంటి?
అక్కడ ఆపేత్తాను కదా.
ఏరే తీసుకెళ్ళుద్ది."
వేరే రోజు మోత తెచ్చి అతికించాను,
ఆ నిశ్శబ్దం ఖాళీగా ఉందని.

లోవకుమారి చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, నొప్పించకూడదన్నట్టు,
"బానే ఉందమ్మా గానీ
ఎప్పుడూ వానేనా?
ఎండే లేకపోతే
నా సేపలు ఎక్కడ ఎండినట్టు?"

నాలుగేళ్ళు.
ఒక సలహాదారు, ఐదుగురు న్యాయనిర్ణేతలు,
నేను.
ఎవరమూ అడగలేదు.

కొత్త దరఖాస్తు తెరిచాను.
పదిహేడో గడిలో రాశాను:
ఎండ, పన్నెండు రోజులు,
పెళ్ళిళ్ళ నెలలో కెమెరా అద్దెతో సహా.
ఈ ఖర్చు ఎందుకో వివరించమంటోంది పక్క గడి.
లోవకుమారి అడిగింది, అని రాసి
కొట్టేసి
మళ్ళీ అదే రాస్తుండగా
రేవులో పంటు కూత వేసింది.
ఇంకో వాక్యం రాస్తే
ట్రిప్పు తప్పిపోతుంది.